నలభై ఒకటో గూట్లో సుంకులమ్మ

(‘వింతల గది’ సీరియల్ - ఏడో వారం)

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టిన చోటే నిలబడి ఉన్నాను. నంద్యాలలో పాత పత్తి గోడౌను, పొద్దున పదకొండు గంటలు, నలభై ఒకటో గూడు ముందు. కొత్తగా చదివేవాళ్లు కంగారుపడొద్దు, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నా పేరు కమలిని. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే వరదరాజులు ఆచారి కూతుర్ని, నంద్యాలలో డ్రాయింగ్ టీచర్ని. నేనూ, వడ్రంగి యోహానూ కలిసి ఈ గోడౌన్లో ‘వింతల గది’ పెట్టాం. వెనకటికి రాజులూ దొరలూ దేశదేశాల నుంచి తెప్పించిన వింతలన్నీ ఒక గదిలో పోగేసి వచ్చినవాళ్లకు చూపించేవాళ్లట. మాది జనం పోగేసిన గది. యోహాను గోడ పొడుగునా అరవై చెక్కగూళ్లు కొట్టాడు. "ఇంట్లో ఉంచుకోలేనిదీ, పారేయడానికి మనసొప్పనిదీ ఏదైనా ఉంటే తెచ్చివ్వండి" అని ఊరంతా కాగితాలు పంచాం. పశువుల డాక్టరు రెండు తలల దూడను సీసాలో తెచ్చాడు. ఒక టీచరమ్మ తిరుపతి మొక్కు ఎగ్గొట్టి దాచుకున్న జడ ఇచ్చింది. ఇంకొకాయన తన కడుపులోంచి తీసిన రాళ్లు, ఆపరేషన్ తేదీతో సహా. నేను మాత్రం మా ఇంటి వెనక కొట్టంలో గోనెసంచుల కింద బోర్లా పడున్న ఒక అమ్మవారిని మోసుకొచ్చాను, మా నాయనకు చెప్పకుండా. కుడిచేతి వేళ్లు విరిగిన విగ్రహం, రెండడుగులది. కింద చీటీ కూడా రాశాను: ‘చెయ్యి విరిగి అమ్ముడుపోని అమ్మవారు. ఆళ్లగడ్డ.’

ఆ ఉదయం రుద్రవరం వైపు పల్లె నుంచి ఉమామహేశ్వరమ్మ అనే పెద్దావిడ వచ్చింది. కంటి ఆసుపత్రిలో చూపించుకుని, గూట్లో పెట్టమని ఒక పొట్లం ఇవ్వడానికి వచ్చింది. ఇవ్వబోతూ నలభై ఒకటో గూడు చూసింది. పొట్లం చేతిలోంచి జారింది. "ఈమె మా ఊరి సుంకులమ్మ" అంది.

అక్కడ ఆగాం కదా.

"కాదు పెద్దమ్మా" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "అది మా నాయన పనిలో చెడిపోయిన రాయి. ఆళ్లగడ్డలో ఏ ఇంటి వెనక చూసినా ఇట్లాంటివి పది పడుంటాయి."

ఆవిడ నా మాట విననే లేదు. పైటకొంగు నోట్లో పెట్టి తడుపుకుని గూట్లోకి వంగింది. విగ్రహం మీద నూనె, మసి అట్టలు కట్టి ఉన్నాయి. పాతగా కనిపిస్తే బాగుంటుందని నేనే కడగకుండా పెట్టాను. కళాకారిణిని కదా మరి! ఆవిడ మాత్రం బిడ్డ మొహం తుడిచినట్టు నుదురు, ముక్కు, చెంపలు తుడిచింది. తర్వాత కళ్ల మీద మసి వదిలేదాకా రుద్దింది.

"ఇప్పుడు చూడు. కండ్లు చూడు."

చూశాను. చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాను.

ఎందుకో చెప్పాలి మీకు. మా పనిలో విగ్రహానికి అన్నీ చెక్కుతారు, కళ్లు తప్ప. కనుగుడ్డు ఉబ్బెత్తుగా, నున్నగా, గుడ్డిగా వదిలేస్తారు. విగ్రహం గుడికి చేరాక, ప్రతిష్ఠ రోజున అడ్డంగా తెర పట్టి, శిల్పి ఒక్కడే లోపలికి పోయి కనుపాప గీత గీస్తాడు. అంతవరకూ అది రాయి. ఆ తర్వాత దేవత. రోజూ దీపం పెట్టాలి, నైవేద్యం పెట్టాలి. అందుకే ఆళ్లగడ్డలో ఏ శిల్పి ఇంట్లోనూ కళ్లు తెరిచిన విగ్రహం ఉండదు. నేను పుట్టి పెరిగింది ఆ రాతిపొడిలోనే. వేరే ఎవరైనా ఈ తప్పు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. శిల్పి కూతురు కళ్లు చూడకుండా విగ్రహాన్ని ఎత్తుకొచ్చింది!

ఈమెకు కళ్లున్నాయి. సూది మొనంత సన్నటి గీతతో తీర్చిన రెప్పలు, మధ్యలో పాప. సూటిగా నన్నే చూస్తోంది.

ఆ కొట్టం గోడకు ఇవతలే నేను చిన్నప్పటినుంచి పడుకున్న గది. అన్నేళ్లు ఈమె అక్కడ చీకట్లో, దీపం లేకుండా, తిండి లేకుండా, మొహం నేలకేసి పడుంది. దేవుళ్లంటే పెద్దగా భయం లేని మనిషిని నేను. అయినా భయపడ్డాను, దాచుకోవడం దేనికి.

"యోహానన్నా, లోపల ఉన్నవాళ్లను బయటికి పంపించు" అన్నాను. యోహాను దూడ సీసా ముందు సెల్ఫీలు దిగుతున్న ఇద్దరు కాలేజీ పిల్లల్ని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

ఉమామహేశ్వరమ్మ నేల మీద కూర్చుని, జారిపోయిన పొట్లం విప్పింది. లోపల మగవాళ్ల తోలు చెప్పులు. ఎండి బిరుసెక్కి, మడమ దగ్గర అరిగిపోయి ఉన్నాయి.

"ఇవి మా ఆయనవి. ఓబుళేసు. ఇంట్లో పెట్టుకోలేక, పారెయ్యలేక పద్దెనిమిదేండ్లు అటక మీద పెట్టినా. నా మనవరాలు మీ కాగితం చదివి వినిపిచ్చె. నాకోసమే రాసినారేమో అనుకుంటి."

"ఏమైంది పెద్దమ్మా ఆయనకు?"

"నీకు తెల్దా? ఈమె మీ ఇంట్లో ఉండెనంటే నువ్వు వరదరాజులాచారి కూతురివే గదా, మీ నాయన చెప్పలేదా?" అని నన్ను కింది నుంచి పైకి చూసింది. "మా అమ్మోరి చెయ్యి జాతరప్పుడు ఇరిగె. ఇరిగినామెను గుళ్లో పెట్టకూడదంటిరి. మీ నాయన కొత్తామెను చెక్కి తెచ్చి కండ్లు తెరిపిచ్చె. పాతామెను ఆ పొద్దే నీళ్లల్లో కలపల్ల. మా ఊర్లో ఆచారమేందంటే, ఆమె పోయేది ఊరోళ్లు చూడకూడదు. ఊరి మనిషొకడు, కొత్తామెను చెక్కినాయన ఒకడు, ఇద్దరే పోవల్ల. మిగతా అందరూ తలుపులేసుకోవల్ల. మావాళ్లు మా ఆయన్ను పొమ్మనిరి. ట్రాక్టర్లో ఆమెను పండబెట్టుకోని ఇద్దరూ కుందూ ఏటికి పోయిరి."

"తర్వాత?"

"కుందూ నిండుగా పారుతాండె. సందకాడ మీ నాయనొక్కడే వచ్చె. ‘ఓబుళేసు నన్ను గట్టు మీదనే ఉండమని అమ్మోరితో నీళ్లల్లోకి దిగినాడు, మళ్లీ లేయలేదు’ అనె. ట్రాక్టరు ఆడనే ఉండె. ఈ చెప్పులు గట్టు మీద ఉండె. మూడో దినం శవం దొరికె. మా చేన్లోనే పూడ్చిపెడితిమి. అమ్మోరితో పాటు పోయినాడని మావోళ్లు ఏటా జాతరకు ఆ సమాధికీ పూలమాల ఏస్తారు." గూటివైపు చెయ్యి చూపింది. "అమ్మోరితో పాటు నీళ్లల్లో మునిగినోడు సచ్చిపాయె. మునిగిన అమ్మోరు ఈడ పొడిగా కూసోని ఉంది. ఎట్లమ్మా?"

నాకు తోచింది ఒక్కటే జవాబు. ఆ విగ్రహం కోసం మా నాయన ఆ మనిషిని ఏదో చేశాడు. ఇంకేం అనుకోమంటారు? నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడాది నుంచే మా నాయన కళ్లు తెరిపించే పనికి తను వెళ్లడం మానేసి చిన్నాయనను పంపించేవాడు. చెయ్యి వణుకుతుందని చెప్పేవాడు. ఉలి పట్టి పూసల హారం చెక్కేటప్పుడు వణకని చెయ్యి కళ్ల దగ్గరే ఎందుకు వణుకుతుందని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు.

ఆవిడ అప్పటికే ఫోను తీసింది. "మహేషూ, యాడుండావ్? నంద్యాలకు రా నాయనా. మన సుంకులమ్మ ఈడుంది. ఆఁ, పాతామెనే. బేగా రా" అని చెప్పి పెట్టేసింది. "నా కొడుకు. పాణ్యం కాడ ఉండాడంట. అర్ధగంటలో వస్తాడు. ముగ్గురు మనుషులు కూడా ఉండారు."

అర్ధగంట! మా నాయన ఎదురు టీ బంకులోనే ఉన్నాడు. నా వింతల గది చూడటానికి రమ్మని నెల రోజులు పోరితే, ఆ రోజే మొదటి బస్సుకు వచ్చాడు. వచ్చాడు గానీ లోపలికి రాలేదు, టీ తాగి వస్తానని అక్కడే కూర్చున్నాడు. వెనక గేటులోంచి బస్టాండుకు పంపించేద్దామా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. గుమ్మంలోంచి బంకు కేసి చూసి, యోహానువైపు తిరిగాను కూడా.

"మీ నాయన ఆ బంకు కాడనే ఉండాడు గదా, పంపియ్యాలని చూస్తాండావు" అంది ఉమామహేశ్వరమ్మ. కోపంగా అనలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. "పిలువు. నా కొడుకు వచ్చేలోగా నేను మాట్లాడల్ల. వాడొస్తే మాటలుండవు."

యోహాను వెళ్లి తీసుకొచ్చాడు.

మా నాయన గుమ్మం దగ్గర ఆగాడు. ఎదురుగా గూళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి, ఒక్కో గూట్లో చిన్న బల్బు. ఆయన కళ్లు నేరుగా నలభై ఒకటో దాని మీద పడ్డాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు. వారం రోజులుగా వందల మంది వచ్చారు ఆ గదికి, ఒక్కరూ చెప్పులు విడవలేదు. నాకు ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"ఎవురు తెచ్చినారు ఈమెను?" అన్నాడు.

"నేనే నాయనా."

"నన్ను అడగల్ల గదా తల్లీ." తిట్టలేదు. అరవయ్యేడేళ్ల మనిషి, అక్కడే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు ఉమామహేశ్వరమ్మను. గుర్తుపట్టాడు. రెండు చేతులూ జోడించాడు.

"దండాలు తర్వాత పెడుదువులే ఆచారీ. నా మొగున్ని ఏం చేసినావు?"

"ఏం చెయ్యలేదమ్మా."

"ఈమె కోసం చంపినావా?"

"అయ్యో, లేదు తల్లీ!" అని మా నాయన అరిచిన అరుపు గోడౌను రేకులకు తగిలింది. "ఓబుళేసు నీళ్లల్లో దిగనే లేదు. ఆయప్ప సావలేదు."

నేను ఊపిరి పీల్చుకున్నాను. పాపిష్టిదాన్ని, ఆ ఇల్లాలి మొహం చూడకముందే నా గుండె తేలికైంది. మా నాయన హంతకుడు కాదు. ఆ క్షణంలో నాకు అదొక్కటే కావాలి.

ఉమామహేశ్వరమ్మ మాత్రం కదల్లేదు. "చెప్పు" అంది.

మా నాయన చెప్పాడు. నేల చూస్తూ, ఆగి ఆగి చెప్పాడు. కుందూ గట్టు మీద అమ్మవారిని దించాక తను కూర్చుని ఆ మొహమే చూస్తూ ఉండిపోయాడట. నాలుగైదు వందల ఏళ్ల కిందటి పని, అట్లాంటి కనురెప్ప తన చేత్తో ఒక్కసారి కూడా రాలేదట. దాన్ని నీళ్లలో పడేయాలంటే ప్రాణం ఒప్పలేదట. ఓబుళేసు అప్పుడు గట్టు వెంట ముళ్లకంపల్లోకి పోయి ఉన్నాడు. చాలాసేపటికి వచ్చాడు.

"వచ్చి నన్ను చూసి, ‘ఏం ఆచారీ, ఆమెను ఇడిసిపెట్టలేక పోతాండావా?’ అనె. ఔనంటి. ‘అట్లయితే నువ్వు ఆమెను పెట్టుకో, నేను ఎవురికీ చెప్పను. నేను పోతాండా, నువ్వూ ఎవురికీ చెప్పాకు. మునిగినాడని చెప్పు’ అనె. యాడికి అంటే చెప్పలేదు. ఎందుకు అంటే చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదమ్మా. నా బుద్ధంతా ఈమె మీదనే ఉండె. సుట్టుదోవన ట్రాక్టర్లో ఆళ్లగడ్డకు వచ్చి, ఈమెను మా కొట్టంలో దించినాం. రోడ్డు మీద ఆయప్ప కడప లారీ ఎక్కినాడు. నేను ట్రాక్టరు మళ్లీ కుందూ కాడ ఇడిసి, ఆయప్ప చెప్పులు గట్టు మీద పెట్టి, మీ ఊరికి నడిసొచ్చినా."

"మొక్కుకున్నావా ఈమెకు? ఒక్క దీపమన్నా పెట్టినావా?"

"దీపం పెడితే ఇంట్లో అడుగుతారని పెట్టలేదు. ఆ కండ్లు చూసే ధైర్యం లేక బోర్లా పండబెట్టినా. దేనికోసం తెచ్చుకున్నానో అదే చూడలేకపోయినా." మా నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఉమామహేశ్వరమ్మ చెప్పుల్ని ఒళ్లోకి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, చెప్పు తీసుకుని కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఏదో లెక్క సరిచూసుకునే మనిషిలా నెమ్మదిగా అడిగింది.

"మూడో దినం మా ఇంటి ముందర పండబెట్టింది ఎవురిని?"

యోహాను గుమ్మం దగ్గర సిలువ గుర్తు వేసుకోవడం చూశాను.

"మొగం చేపలు తినేసినాయి. నేను గుర్తుపట్టలేకపోతి. కడసారి చూసినోడివి నువ్వేనని నిన్ను పిలిపిస్తిరి. ఈయప్పేనా అంటే ఔనంటివి. నువ్వు ఔనన్నాకనే నా గాజులు పగలగొట్టినారు."

"గళ్ల చొక్కా, తల్లీ" అన్నాడు మా నాయన. "శవం మీద ఆయప్ప గళ్ల చొక్కా ఉండె. ఆ పొద్దు ఏసుకోనొచ్చింది అదే."

"అయితే?"

"ముళ్లకంపల్లోకి పోయేటప్పుడు ఒంటి మీద ఉండె. తిరిగొచ్చినప్పుడు లేదు. యాడ పోయిందప్పా అంటే, ‘తడిసిపాయె, ఆరేసినా’ అనె. లారీ ఎక్కేటప్పుడు నా టవలు కప్పుకోని ఎక్కినాడు. మూడో దినం ఆ చొక్కా ఇంకొకని ఒంటి మీద చూసినాక..." మా నాయన నావైపు చూశాడు. తొమ్మిదేళ్ల పిల్ల అక్కడ ఉన్నట్టు, చెవులు మూసుకోమన్నట్టు చూశాడు. "అప్పుడు అర్థమాయె నాకు. నోరిప్పితే ఇద్దరం పోతాం. ఆయప్పేనని చెప్పేస్తి."

తేలికైన నా గుండె మళ్లీ రాయైంది. కంపల్లో ఆ మధ్యాహ్నం ఇంకొక మనిషి ఉన్నాడు. బతికి ఉన్నాడో అప్పటికే పోయాడో తెలియదు. ఓబుళేసు అతనికి తన చొక్కా తొడిగి ఏట్లోకి తోశాడు. ఆ దగ్గర్లోనే గట్టు మీద మా నాయన విగ్రహం కనురెప్పలు చూసి మురిసిపోతూ కూర్చున్నాడు.

బయట జీపు ఆగింది. డోర్లు ధన్ ధన్‌మని పడ్డాయి.

"నాయనా, లెయ్ నాయనా" అన్నాను. ఆయన లేవలేదు. నేను ఆయన ముందు నిలబడ్డాను, రెండు చేతులూ అడ్డంగా చాచి. ఏం చేయగలననుకున్నానో నాకే తెలియదు. యోహాను చెక్కల కట్టలోంచి ఒక బద్ద అందుకున్నాడు.

మహేష్ గుమ్మం నిండా ఉన్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి, ఎండకు కమిలిన మొహం. వెనక ముగ్గురు. "ఏందమ్మా, సుంకులమ్మ అంటివి! యాడ? ఎవుడు ఎత్తుకొచ్చినాడు?"

ఉమామహేశ్వరమ్మ ఎప్పుడు లేచిందో, పైటకొంగు ఎప్పుడు లాగి విగ్రహం మొహం మీద కప్పిందో నేను చూడలేదు. గూటికి అడ్డంగా నిలబడింది.

"మనామె కాదురా."

"ఫోన్లో..."

"కంటికి మందేసినారు గదా, అంతా మసక. పొరబడినా. ఈమె యాడిదో, చెడిపోయిన రాయంట. నిన్ను ఊరికే ఉరికిస్తి."

మహేష్ మెడ చాచి చూడబోయాడు. ఆవిడ జరగలేదు. వాడి చూపు మా నాయన మీద పడింది. చూసి చూసి, మొహం విప్పారింది. "వరదరాజులాచారివి గదా? బాగుండావా?" అంటూ నన్ను దాటుకుని వచ్చి, వంగి, కూర్చున్న మా నాయన కాళ్లకు మొక్కాడు. "మా నాయన కాడ కడవరకూ ఉన్నోడివి నువ్వు. ఏటా సమాధి కాడ అన్నం పెడతాం, ఒక్కసారన్నా రాకపోతివి."

మా నాయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నేను చాచిన చేతులు దించడం కూడా మరిచిపోయాను.

"వస్తాడులే" అంది ఆవిడ. "పోండి, టీ తాగి రాపోండి. నేను ఈడ పని చూసుకోని వస్తా."

వాళ్లు బయటికి నడిచారు. నవ్వుకుంటూ నడిచారు, ముసలామె పొరపాటుకు. ఆ నవ్వులు టీ బంకు దాకా పోయేవరకూ ఆవిడ తలుపు వైపే చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

"మీ నాయన్ను కాపాడినాననుకోవద్దు. నా కొడుక్కి వాని నాయన హంతకుడని చెప్పే నోరు నాకు లేదు, అంతే" అంది. "పద్దెనిమిదేండ్లు నేను పూలు పెట్టినోడు ఎవురో తెలియల్ల నాకు. ఎవురి మొగుడో, ఎవురి బిడ్డో. వానికోసం యాడనో ఒక ఆడది ఇంగా తలుపు తీసిపెట్టుకోనే ఉంటుంది గదా. రేపు మహేషు పంట తోలుకోని కర్నూలుకు పోతాండాడు, పొద్దుగూకేదాంక రాడు. పొద్దున్నే మా చేనుకు రండి. మీ నాయన తవ్వల్ల, ఆ ఒంటి మీద గుర్తేమన్నా మిగిలిందేమో నువ్వు చూడల్ల. గడ్డపార మీరే తెచ్చుకోండి."